వేరుగా పెట్టిన గ్లాసు

మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి రోజూ మా గ్లాసులోనే కాఫీ తాగేది. పోయిన నెల ఆమెకు హెచ్.ఐ.వి. ఉందని ఎవరో అనగానే గ్లాసు వేరు పెట్టేశాను. ఆమె ఒక్క మాటా అనలేదు. తాగి, కడిగి, కిటికీలో బోర్లించి వెళ్లింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు!

మర్నాడు డాక్టరమ్మను అడిగాను. ఆవిడ చెప్పింది మీరూ వినండి.

ఒక కంచంలో తిన్నా, బట్టలు కలిపి ఉతికినా, ఒకే బాత్రూము వాడినా, దగ్గినా, దోమ కుట్టినా ఈ వైరస్ అంటదు. దోమ ఒంట్లో అది పెరగదట. రక్షణ లేని కలయిక, వైరస్ ఉన్న రక్తం, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చడం, తల్లి నుంచి బిడ్డకు... ఇవీ దారులు. గర్భిణి మందులు వాడితే బిడ్డకు సోకే భయం బాగా తగ్గిపోతుంది. 2004 నుంచి ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాల్లో మందులు ఉచితం. రోజూ వేసుకుంటే అందరిలా పనిచేసుకుని బతకొచ్చు. జబ్బు ఉందని పనిలోంచి తీసేయడం తప్పని 2017లో చట్టమూ వచ్చింది.

అసలు ఆమెకు జబ్బుందో లేదో నాకిప్పటికీ తెలియదు, అడగనూ లేదు. ఆ గ్లాసు మాత్రం మా గ్లాసుల్లో కలిపేశాను. మీ వంటింట్లోనూ అలాంటి గ్లాసుంటే ఈ పూటే కలిపేయండి.