జెండా తాడు మార్చేటప్పుడు



1923లో మద్రాసులో సింగారవేలు మేడే జెండా ఎత్తిన నాటినుంచి మనకు మేడే అంటే జెండాయే. గేటు ముందున్న స్తంభానికి తాడు ఎండకూ వానకూ పీచులు లేచింది. వెంటనే ఒక మాట వినిపిస్తుంది: "బదిలీ కుర్రాణ్ణి ఎవణ్ణయినా ఎక్కించండి!"

వద్దు. మిల్లులో బెల్టు లేకుండా ఎక్కమంటే యాజమాన్యంతో పోట్లాడేది మనమే కదా?

పాత తాడు తెగకముందే దాని కొసకు కొత్త తాడు కొస ఎదురెదురుగా ఆనించి, దారంతో గట్టిగా కుట్టి నున్నగా చుట్టండి. ముడి వేస్తే కప్పీలో ఇరుక్కుంటుంది. రోజంతా తెగిన పోగులు అతికే చేతులకు ఇదొక పనా? మెల్లగా లాగితే పాతది దిగుతుంది, కొత్తది ఎక్కుతుంది. పొడవు స్తంభానికి రెండింతలకు పైనే ఉండాలి. నూలు తాడు తడికి చివుకుతుంది, నైలాన్ నయం (నూలు మిల్లు వాళ్లం ఈ మాట అనవలసి వచ్చింది!).

తాడు ముందే తెగిపోతే స్తంభాన్నే దించండి. దించే ముందు పైన కరెంటు తీగలు చూడండి. ఇనుప స్తంభం తగిలితే పట్టుకున్నవాళ్లంతా పోతారు.