ఆవాసాల వారీ అభిప్రాయ సేకరణకు నిధులు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గవర్నర్ గారికి, తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్ల ద్వారా, ఆ జిల్లాల యానాది, ఎరుకల, సుగాలి, నక్కల కుటుంబాల తరఫున సమర్పించు విన్నపం.

రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఈ తెగలన్నీ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నాయి. అయితే గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక నియమాలు విధించే ఐదవ షెడ్యూలు పరిధిలో రాయలసీమ పల్లె ఒక్కటీ లేనందువల్ల, గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించే 1/70 చట్టం గానీ, ఆవాస స్థాయి గ్రామసభకు అధికారమిచ్చే 1996 నాటి పెసా చట్టం గానీ ఇక్కడి చెరువుకట్టల మీది, పోరంబోకుల్లోని గుడిసెల దాకా రాలేదు. 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపికైన శ్రీహరికోట, నేడు తిరుపతి జిల్లాలో ఉన్న ఆ దీవి, యానాదుల నివాసం. వారిని తరలించే ముందు గ్రామసభ సమ్మతి తీసుకోవాలన్న నియమం అప్పటికి పుట్టనే లేదు. అందుకు భిన్నంగా 2013లో ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకంపై సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరగగా, పన్నెండూ వద్దన్నాయి.

గిరిజన సంక్షేమంపై సలహా చెప్పే గిరిజన సలహా మండలిలో 20 మందికి మించరాదని, అందులో నాలుగింట మూడు వంతుల మంది శాసనసభలోని గిరిజన ప్రతినిధులై ఉండాలని ఐదవ షెడ్యూలు నాలుగవ పేరా చెబుతున్నది. రాష్ట్రంలో గిరిజనులకు కేటాయించిన 7 నియోజకవర్గాలూ పాలకొండ మొదలు పోలవరం వరకు ఉన్నవే. దక్షిణాన ఒక్కటీ లేదు. ప్రతినిధులు చాలనప్పుడు మిగిలిన స్థానాలను ఆ తెగల ఇతరులతో నింపాలని కూడా అదే పేరాలో ఉన్నది. మండలి 20 మందితో ఏర్పడితే, రిజర్వుడు స్థానాల లెక్కన 15లో 8 అలా మిగులుతాయి. వాటిలో యానాదులకు, ఎరుకలకు చోటు కల్పించడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు.

ఆ చోటు ఎవరిది, ఐదవ షెడ్యూలు రక్షణ ఏ రూపంలో కావాలి అన్నవి అధికారులు తేల్చవలసినవి కావని, ఆవాసాల వారీ ఓటుతో తేలవలసినవని వినతిదారుల వాదన. గ్రామసభ కోసం ప్రధాన గ్రామంలో వేసిన దండోరా గిరిజన కాలనీకి వినబడదు. వినబడినా ఇటుక బట్టీలో ఆనాటి కూలి వదులుకొని రావాలి. ఆధార్ లేనివారి పేర్లు ఓటర్ల జాబితాకు ఎక్కకపోవచ్చు. కనుక ఆవాసంలోనే పేర్ల నమోదు, హాజరైనవారికి ఒకరోజు కూలి, ఎరుకలకు కుర్రు భాషలో, సుగాలీలకు గోర్ బోలిలో వివరణ, బొమ్మ గుర్తుల చీటీలు అవసరం. ఆదివాసుల గుర్తింపుపై ఆస్ట్రేలియా 2023 అక్టోబరు 14న జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో ప్రతిపాదన ఓడిపోయింది. ఫలితం ఏదైనా, ప్రజలను అడగడానికి అయిన ఖర్చు మాత్రం అక్కడి ఖజానాదే.

గిరిజన సంక్షేమానికి కేంద్ర సంచిత నిధి నుంచి 275(1) అధికరణం కింద వచ్చే గ్రాంటు నుంచి గానీ, రాష్ట్ర గిరిజన ఉపప్రణాళిక నుంచి గానీ ఈ ఓటుకు వచ్చే బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు చూపి, ఫలితాన్ని మండలి ముందుంచవలసిందిగా ప్రార్థన.