పసుపుకుంకుమ పొలం ఎవరికి పోతుంది?

విజయవాడ దినపత్రికల్లో లోపలి పేజీల మూలల్లో చిన్న అక్షరాలతో కోర్టు నోటీసులు పడుతుంటాయి. ఫలానా గ్రామ కాపురస్తురాలు ఫలానా తేదీన వీలునామా రాయకుండా మరణించారు, ఆమె పేరున ఉన్న డిపాజిట్ల కోసం ఫలానావారు సక్సెషన్ సర్టిఫికెట్ కోరుతున్నారు, అభ్యంతరం ఉన్నవారు ఫలానా వాయిదాకు హాజరు కావాలి అని. ఆ నోటీసు ఎవరి కంట పడాలో వాళ్లు చాలాసార్లు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. వాయిదా గడిచిపోతుంది. ఇక్కడ నేను రాయదలచుకున్నది ముఖ్యంగా పిల్లల్లేని ఆడవాళ్ల ఆస్తి గురించి. ఆ విషయంలో మన డెల్టా పల్లెల్లో ఉన్న నమ్మకం ఒకటి, చట్టం చెప్పేది మరొకటి.

ఆడపిల్లకు పెళ్లిలో పసుపుకుంకుమ కింద పొలం ఇవ్వడం మనకు తరాల ఆనవాయితీ. అరెకరమో రెండెకరాలో, ఎవరి తాహతు కొద్దీ వాళ్లు ఇస్తారు. ఆమెకు పిల్లలుంటే పేచీ లేదు. పిల్లాపీచూ లేక, భర్త ముందే పోయి, వీలునామా రాయకుండా ఆమె కన్నుమూస్తే ఆ పొలం ఎవరిది? "మా నాన్న ఇచ్చిన పొలం, మళ్లీ మా ఇంటికే రావాలి" అంటారు అన్నదమ్ములు. పెద్దమనుషులూ ఔనంటారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మాత్రం అలా అనదు.

ఆ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, వీలునామా లేకుండా పోయిన స్త్రీ ఆస్తి మొదట పిల్లలకూ భర్తకూ వెళుతుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులకు: అత్తగారు ఉంటే ఆమెకు, లేదంటే మామగారికి, ఆ తర్వాత బావలకూ మరుదులకూ ఆడపడుచులకూ. కన్న తల్లిదండ్రుల వంతు వీళ్లందరి తర్వాతే. దీనికి ఒక మినహాయింపు ఉంది. తండ్రి నుంచి గానీ తల్లి నుంచి గానీ వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే, బిడ్డలు లేనప్పుడు తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. "వారసత్వంగా" అన్న మాటను కోర్టులు ఉన్నదున్నట్టుగానే చదువుతున్నాయి. తండ్రి పోయాక వాటాగా వచ్చింది వారసత్వం. తండ్రి బతికుండగా దఖలు దస్తావేజు రాసి ఇచ్చింది వారసత్వం కిందికి రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఉయ్యూరు దగ్గర ఒకాయనకు ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. పెద్దమ్మాయికి పెళ్లిలోనే ఎకరం దఖలు రాశాడు. రెండో అమ్మాయికి రాయకుండానే పోయాడు, తర్వాత ఆమె వాటాగా ఎకరం వచ్చింది. రెండూ ఒకే కాలువ కింద, ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న పొలాలు. అక్కచెల్లెళ్లిద్దరూ పిల్లల్లేకుండా, భర్తల తర్వాత పోయారు. చెల్లెలి ఎకరం తమ్ముడి ఇంటికి వస్తుంది. అక్క ఎకరం ఆమె మరిది కొడుకులకు పోతుంది, ఆమె మంచాన పడ్డప్పుడు వాళ్లు గడప తొక్కకపోయినా సరే.

2009లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. ఒకావిడకు పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, సంపాదించింది, 1996లో వీలునామా లేకుండా పోయింది. ఆ సొమ్మంతా భర్త అక్కచెల్లెళ్ల కొడుకులకు దక్కింది. సానుభూతితో చట్టాన్ని మార్చలేమన్నారు న్యాయమూర్తులు. చట్టం అలా ఉన్నప్పుడు వాళ్లు చేయగలిగింది అంతే. తప్పు చట్టంలో ఉంది. మగవాడు వీలునామా లేకుండా పోతే అతని ఆస్తి ఏ దశలోనూ భార్య పుట్టింటికి వెళ్లదు. 15వ సెక్షన్‌ను సవరించాలని లా కమిషన్ 2008లోనే నివేదిక ఇచ్చింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. (క్రైస్తవులకు 1925 నాటి చట్టం, ముస్లింలకు వారి షరియత్ చట్టం వర్తిస్తాయి. ఈ సెక్షన్ బాధ వాళ్లకు లేదు.)

వారసత్వ తగాదాలు ఈ నేలకు కొత్త కాదు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో పోయాక, ఆయన దత్తు తీసుకున్న ఇద్దరి మధ్య మొదలైన వివాదం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా నడిచింది. మొదటి దత్తపుత్రుడు ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తేలింది. ముప్ఫై ఏళ్లు! అంత పెద్ద సంస్థానానికే ఆ గతి పడితే, ఎకరం పొలం ఉన్నవాళ్లు ఎంతకాలం తట్టుకోగలరు?

ఎవరూ అడగని ఆస్తి ప్రభుత్వానికి పోతుందని చాలామంది అనుకుంటారు. వారసులు ఒక్కరూ లేనప్పుడే అలా జరుగుతుంది. దానికి మన రాష్ట్రంలో 1974 నాటి చట్టం ఉంది. అంతకన్నా ముందు జరిగేది వేరు. కౌలు అడిగేవాళ్లుండరు. అడంగల్‌లో పేరు మారుతుంది. ఎప్పుడూ వినని వీలునామా ఒకటి వేలిముద్రతో బయటికొస్తుంది. సొంతదారుననే ధోరణిలో ఒకరు బహిరంగంగా పన్నెండేళ్లు అనుభవిస్తే, ఆ తర్వాత స్వాధీనం కోసం దావా వేసినా నిలవకపోవచ్చు.

అందుకని వారసులు ముందు మరణ ధ్రువపత్రం, ఆ తర్వాత తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు వెతకాలి. ఆ పొలం దఖలుగా వచ్చిందా వాటాగా వచ్చిందా అన్నది వాటిలోనే తేలుతుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తోనే హక్కు ఖరారు కాదు, మ్యుటేషన్‌తోనూ కాదు. పేచీ ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందే. బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బు ఆయన సొంతం కాదు, వారసుల తరఫున అందుకునే మనిషి మాత్రమే. పదేళ్లు కదలని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. చేరినా వారసులు ఎప్పుడైనా అడగవచ్చు. పేరుతో వెతికేందుకు రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ తెచ్చింది. విదేశాల్లో ఉన్నవారు కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఇంత తిరుగుడు తప్పాలంటే వీలునామా ఒక్కటి చాలు. తెల్లకాగితం మీద రాయవచ్చు, స్టాంపు డ్యూటీ లేదు. ఆమె సంతకమో వేలిముద్రో వేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. ఆమె లేవలేని స్థితిలో ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలుంది. ఈ సంగతి పటమట, గాంధీనగర్ కార్యాలయాల గుమ్మాల దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

శాసనసభ్యులకు ఒక మాట. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా దేశమంతటికీ 2005లో వచ్చింది. మన రాష్ట్రం ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, పెళ్లికాని కూతుళ్లకు సొంత సవరణతో ఇచ్చింది. వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం కనుక ఇప్పుడూ రాష్ట్రపతి ఆమోదంతో 15వ సెక్షన్‌కు సవరణ తేవచ్చు. ఆమె సొంత సంపాదన, పుట్టింటివారు ఏ రూపంలో ఇచ్చిన ఆస్తి అయినా, బిడ్డలూ భర్తా లేనప్పుడు ముందు ఆమె తల్లిదండ్రుల వైపు చెందేలా రాయాలి. ఆ సవరణ వచ్చేదాకా ఆగకండి. మీ ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దమ్మో మేనత్తో ఉంటే, తన తర్వాత ఆ పొలం ఎవరికి చెందాలనుకుంటున్నారో ఆమెనే అడగండి. ఆమె చెప్పినట్టే, ఆమె మాటల్లోనే, ఈ నెలలోనే రాయించండి.