నగలు వేరు, కవచం వేరు

పోయిన ఆదివారం మా మేనల్లుడు తన గండం బొమ్మను నా చేతిలో పెట్టి, "మావయ్యా, దీని మోకాలు వంగట్లేదు, చూడవూ" అన్నాడు. (కంగారు పడకండి, జాతకంలోని గండం కాదు. 1979లో జపాను టెలివిజనులో మొదలైన ధారావాహికలో మనిషి లోపల కూర్చుని నడిపే యుద్ధయంత్రం పేరది. కొందరు గుండం అని రాస్తున్నారు గాని, జపానువారి ఉచ్చారణకు గండమే దగ్గర.) చూద్దును గదా, వాడు శుభలేఖల అట్టలు కత్తిరించి ఆ బొమ్మకు ఆపాదమస్తకం అదనపు కవచం అతికించాడు. మోకాలి వెనక కూడా. ఇక అది వంగేదెట్లా?

"వెనక అట్ట తీసెయ్యరా" అన్నాను. పక్కనే పత్రిక చదువుకుంటున్న మా బావగారు తలెత్తి, "కల్పనకు లెక్కలేమిటోయ్! ఘటోత్కచుడు పెరుగుతుంటే బరువెంతని అడిగామా?" అన్నారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని ఆ మాట నన్ను వదలలేదు. ఈ టపా ఆయనకు జవాబు. ఆయన బ్లాగులు చదవరు గనుక మీకు చెప్పుకుంటున్నాను.

ఘటోత్కచుడిని అడగలేదు, నిజమే. అతడు మాయావి. మాయకు లెక్క ఉండదని కథే ముందుగా మనతో ఒప్పందం చేసుకుంది. ఈ మహాయంత్రాల కథలు చేసుకున్న ఒప్పందం వేరు. ఇవి కర్మాగారంలో పుట్టినవనీ, ఇంత ఎత్తనీ, ఇన్ని టన్నులనీ వాళ్ళే పట్టికలు అచ్చువేస్తారు. లెక్క మొదలుపెట్టింది వారు. మనం కూడిక సరిచూస్తే తప్పు మనదా?

సరే, చూద్దాం. మొదటి గండం ఎత్తు 18 మీటర్లు, ఖాళీ బరువు 43.4 టన్నులు. ఆరడుగుల మనిషిని పదింతలు పెంచితే బరువు వెయ్యింతలవుతుంది, అంటే సుమారు 80 టన్నులు. ఉక్కు యంత్రం మాంసపు మనిషిలో సగం బరువు తూగుతోందన్నమాట! చెరువులో పడితే మునగదు. 2013 నాటి పసిఫిక్ రిమ్ సినిమాలో జిప్సీ డేంజర్ కథ మరీ విడ్డూరం. 79 మీటర్ల ఎత్తు, 1,980 టన్నులు. అదే లెక్కన మనిషైతే 6,700 టన్నులు దాటాలి. టేకుదుంగ కన్న తేలికైన ఆ మహాకాయం సముద్రంలో నడుము లోతున నడుస్తూ పోరాడుతుంది. తేలకుండా కాళ్ళు నేలకెట్లా ఆనాయో దర్శకుడే చెప్పాలి.

ఎత్తు పెరిగే కొద్దీ బరువు ఘనంగా, పైతలం వర్గంగా పెరుగుతాయని గెలీలియో 1638లోనే గ్రంథస్థం చేశాడు. కవచం విషయంలో దాని పర్యవసానం చాలామంది చూడరు. మనిషి చర్మం సుమారు 1.9 చదరపు మీటర్లు. పదింతల యంత్రానికి 190. దానిమీద ఒక్క సెంటీమీటరు మందం ఉక్కు పరిస్తే 15 టన్నులు. లోపల ఇంజను, ఎముక, ఆయుధం ఏమీ లేకుండా 43 టన్నులూ కవచానికే ధారపోసినా మూడు సెంటీమీటర్ల మందం రాదు. 1940లో తయారైన సోవియట్ టీ-34 ట్యాంకు ముందు పలకే 45 మిల్లీమీటర్లు. పైగా దాన్ని ఏటవాలుగా నిలబెట్టారు గనుక ఎదురుగా వచ్చే గుండు 90 మిల్లీమీటర్లు తొలుచుకుపోవాలి.

"అది ఉక్కు కాదు, చంద్రలోకపు టైటేనియం" అంటారు అభిమానులు. ఒప్పుకుంటాను. లోహం కల్పితమైతే నాకు అభ్యంతరం లేదు. ఎంత గొప్ప లోహమైనా అది కొంతే ఉంటుంది, ఆ కొంతను ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. నా తగాదా లోహంతో కాదు, అమరికతో.

నిజమైన ట్యాంకును చూడండి. మందమంతా ముఖం మీద పెట్టుకుంటుంది. వీపు, పైకప్పు, పొట్ట పలచన. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలలో రూపొందిన కవచానికి ఆ పేట పేరు మీదే కంచన్ అని పేరు. ఉక్కు పలకల నడుమ పింగాణీ జాతి పదార్థాల పొరలు కూర్చి చేసిన ఆ కవచమే అర్జున్ ట్యాంకుకు రక్ష. ఆ పొరలు స్థలం తింటాయి. అందుకే అటువంటి కవచం ఉన్న ట్యాంకు ముఖం పెద్ద పెద్ద దిమ్మెల్లా బండగా ఉంటుంది. ఆ బండతనంలోనే దాని అర్థం కనిపిస్తుంది: రాగి గరాటును పేల్చి సన్నటి ధారగా చిమ్మే గుండుకు ఇది భయపడుతోంది, ఆ గుండు ముందునుంచి వస్తుందని ఎదురుచూస్తోంది. 1982 లెబనాన్ యుద్ధంలో ఇజ్రాయెలు ట్యాంకులు ఒళ్ళంతా ఇటుకలు పేర్చుకున్నట్లు కనిపించాయి. అవి పేలుడు పదార్థం కూరిన పెట్టెలు. గుండు తగలగానే తామే పేలి ఆ ధారను చెదరగొడతాయి. చుట్టుపక్కల నడిచే స్వపక్ష సైనికుడికీ ప్రమాదమే. ఆ సంగతీ ఆ ఇటుకల్లోనే కనిపిస్తుంది. ఏ కవచమైనా ఫలానా ఆయుధానికి జవాబుగా పుడుతుంది. దాన్ని చూడగానే శత్రువు ఎవరో తెలియాలి.

మరి మన సినిమా మహాయంత్రాలు? భుజాల మీద రెక్కలు, తొడల మీద అంచులు, ఛాతీ మీద కొమ్ములు. పెళ్ళికూతురికి వంకీ, వడ్డాణం పెట్టినట్లు! 2007 నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ చిత్రాల్లో మరీ దారుణం. ఒళ్ళంతా కదిలే ముక్కలే, తగిలిన గుండు ఆగడానికి ఒక చదునైన పలక కనబడదు. ఈ అలంకారాలు వ్యర్థమే కాదు, అపాయకరం కూడా. జర్మనుల పాంథర్ ట్యాంకు ఫిరంగి మొదట్లో తగిలించిన కవచపు గుండ్రదనం వల్ల, దాని కింది భాగాన తగిలిన గుండు జారి సరాసరి కింద ఉన్న పలచని కప్పులోకి దిగేది. 1944లో అక్కడ గడ్డం లాంటి అంచు పెట్టి సరిచేశారు. మరి ఛాతీనుంచి పైకి ఏటవాలుగా లేచే ఈ అందమైన కొమ్ములు గుండును ఎక్కడికి పంపుతాయి? తిన్నగా మెడకు!

ఏనుగును మించిన మహాయంత్రం మన పూర్వులకు లేదు. ఇంగ్లండులో లీడ్స్ నగరపు ఆయుధశాలలో ఉత్తర భారతానికి చెందిన ఏనుగు కవచం ఒకటుంది. మద్రాసు గవర్నరుగా ఉన్న ఎడ్వర్డ్ క్లైవ్ భార్య 1801లో దాన్ని అక్కడికి తీసుకువెళ్ళింది. (తీసుకువెళ్ళడమని మర్యాదకంటున్నాను.) వేలాది చిన్న ఉక్కు పలకలను గొలుసు అల్లికతో కలిపి చేశారు. మిగిలినంత మేరకు బరువు 118 కిలోలు. టన్నుల బరువున్న జంతువుకు అదెంత! తల, గొంతు, పక్కలు కప్పి కాళ్ళు వదిలేశారు. చేతకాకనా? ఏనుగు నడవాలి గనుక. పెద్ద రేకుల బదులు చిన్న పలకలు ఎందుకంటే ఒళ్ళు కదలాలి గనుక. దాన్ని కూర్చినవాడికి కీలంటే ఏమిటో తెలుసు.

ద్రోణపర్వం తిరగేసినా ఇదే కనిపిస్తుంది. ద్రోణుడు మంత్రించి కట్టిన కవచంతో దుర్యోధనుడు ఎదురొస్తే అర్జునుడి బాణాలు వ్యర్థమవుతాయి. అప్పుడు అర్జునుడు గుర్రాలను చంపి, విల్లు విరిచి, చేతి తొడుగులు ఛేదించి, అరచేతుల్లో కొడతాడు. అభేద్య కవచం అభేద్యంగానే ఉంది, యోధుడు మాత్రం ఓడాడు. చూశారా బావగారూ, వ్యాసుడు లెక్క వేశాడు!

కల్పనలోనూ లెక్క తెలిసినవాళ్ళు లేకపోలేదు. 1980 నాటి స్టార్ వార్స్ సినిమాలో నాలుగుకాళ్ళ యంత్రాల ఒంటిమీద తూటాలు పనిచేయవు. కాళ్ళకు తీగ చుట్టి పడగొడతారు. పడ్డాక మెడ దగ్గర కొడితే పేలిపోతుంది. ఇంకా మెచ్చుకోదగ్గది 1989లో వచ్చిన వార్ ఇన్ ద పాకెట్ అనే గండం కథ. అందులోని కొత్త గండానికి చోభం కవచం తొడుగుతారు. చోభం అంటే బ్రిటిషు ట్యాంకు కవచం పేరే, మన కంచన్‌కు పెద్దన్న వంటిది. ఆ తొడుగుతో యంత్రం మందగిస్తుంది. శత్రువు మందుపాతరల గొలుసు చుట్టి పేలిస్తే తొడుగు ముక్కలై రాలిపోతుంది, లోపలి యంత్రం చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. కవచం చచ్చి యంత్రాన్ని బతికించింది. అదీ పనితనం!

ఆ కథలోనే చివర ఒక కుర్రవాడు అతుకులేసిన పాత యంత్రంతో ఆ గండాన్ని ఎదిరించి, దాని తల నరికి, తాను లోపలే చనిపోతాడు. అతణ్ణి అన్నలా చూసుకున్న పిల్లవాడు ఆ పోరాటం ఆపాలని పరుగెత్తుకొచ్చి కళ్ళారా చూస్తాడు. నా పట్టుదలకు అసలు కారణం ఆ దృశ్యమే. ఈ యంత్రాలలో మనిషి కూర్చుని ఉంటాడు. కవచం ఎక్కడ పలచనో మనకు చూపించని కథ, ఆ మనిషి చావగలడని కూడా చూపించదు. అట్లాంటి కథలో గెలుపు చూసి పదేళ్ళ పిల్లలు చప్పట్లు కొడుతుంటే నాకు నచ్చదు.

ఆదివారం సాయంత్రం మేమిద్దరం కూర్చుని మోకాలి వెనక, మోచేతి లోపల, చంకల కింద అట్టలు పీకేశాం. మోకాలు వంగింది. "మరి వెనకనుంచి కొడితే?" అన్నాడు వాడు. "తగులుతుంది" అన్నాను. వాడు కాసేపు బొమ్మకేసి చూసి, పీకిన అట్టముక్కలన్నీ పోగుచేసి, లోపలి మనిషి కూర్చునే పొట్ట మీద ఒకదానిమీదొకటి అతికించుకున్నాడు. బొమ్మకు బొజ్జ వచ్చింది. మా బావగారు దాన్ని చూసి వినాయకుడన్నారు.