థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత వచ్చే కోపం మన గుణం కాదు

కొంచెం పొడుగు పోస్టు. ఆపరేషన్ అయినవాళ్లే కాదు, వాళ్ల రూమ్మేట్లు కూడా చదవండి.

మన ఏజెన్సీలో మెడ దగ్గర గడ్డ కొత్తేం కాదు. కొండ నేలల్లో అయోడిన్ వానలకి కొట్టుకుపోతుంది, అక్కడ పండే తిండిలోనూ తక్కువే. అందుకే 1962 లోనే కేంద్రం గాయిటర్ నియంత్రణ కార్యక్రమం పెట్టింది. అయోడిన్ ఉప్పు వచ్చినా వేరే కారణాలతో గడ్డలు వస్తూనే ఉన్నాయి. నాకూ డిగ్రీ రెండో సంవత్సరంలో విశాఖలో థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. కుట్లు తొందరగానే మానాయి. అసలు బాధ తర్వాత మొదలైంది.

రెండు నెలలు తిరిగేసరికి పొద్దున్న లేవబుద్ధయ్యేది కాదు. చదివింది గుర్తుండేది కాదు. బకెట్ పక్కకి జరిపిందని రూమ్మేట్ మీద అరిచేసి, తర్వాత ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. హాస్టల్లో "దీనికి పొగరెక్కింది" అన్నారు. ఇంటికెళ్తే అమ్మమ్మ "గాలి సోకింది" అని దిసారి దగ్గరికి తీసుకెళ్లింది. నిజం చెప్పాలంటే అమ్మమ్మ మాటే నాకు తక్కువ నొప్పి. తప్పు నాదనలేదు, నాకేదో అయిందని ఒప్పుకుంది. కానీ ఆ మాట అక్కడితో ఆగలేదు. "ఎవరో చిల్లంగి పెట్టారు" అన్నారు, చూపులు పక్కింటి ముసలామె వైపు తిరిగాయి. మన ఊళ్లలో అలాంటి చూపులు ఎక్కడిదాకా పోతాయో మీకు చెప్పక్కర్లేదు.

చివరికి రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది. డాక్టరమ్మ మొదటి ప్రశ్న, "మాత్ర ఎలా వేసుకుంటున్నావమ్మా?" అని. రక్తం తక్కువని ఇచ్చిన ఐరన్ మాత్రా, థైరాయిడ్ మాత్రా రెండూ ఒకే గుక్కలో మింగేస్తున్నాను. ఐరన్, కాల్షియం మాత్రలు థైరాయిడ్ మందుని ఒంటికి పట్టనివ్వవట. కనీసం 4 గంటలు ఎడం ఉండాలి. మనలో ఐరన్ మాత్రలు వేసుకునే ఆడపిల్లలు ఎంతమందో ఆలోచించండి.

గ్రంథి మొత్తం తీసేశాక ఆ హార్మోన్ మాత్ర నుంచే రావాలి. తక్కువైతే దిగులు, మతిమరుపు, నీరసం, చలి. మోతాదు ఎక్కువైతే గుండె దడ, చిరాకు, నిద్ర పట్టకపోవడం. మాత్ర మానితే మర్నాడే తెలీదు. ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. సంక్రాంతికి సీసా హాస్టల్లో వదిలేసి ఊళ్లో పది రోజులుంటే, దిగులు నెలాఖరుకి పట్టుకోవచ్చు. రెండిటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

అందుకని మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. టిఫిన్‌కి, టీకి అరగంట నుంచి గంట ఆగండి. మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకి పరీక్ష చేయించండి, సొంతంగా పెంచడం తగ్గించడం వద్దు. ఆపరేషన్ అయిన కొత్తలో వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కినా, కండరాలు పట్టేసినా కాల్షియం తగ్గి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రిపోర్టు బాగున్నా దిగులు పోకపోతే దానికీ వైద్యం ఉంది. 14416 కి ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆపరేషన్ చేయించడంతో సర్కారు పని అయిపోదు. మాత్ర జీవితాంతం వాడాలి. ఒక్క పరీక్ష కోసం కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని కొండ దిగాలంటే మనవాళ్లు పరీక్షే మానేస్తారు. పీహెచ్‌సీలోనే రక్తం తీసుకోవాలి, మాత్రలు 3 నెలలకి సరిపడా ఇవ్వాలి. లెవోథైరాక్సిన్ దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే, మనం కొత్తగా అడిగేదేం లేదు. మన విద్యార్థి సంఘాలు ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఈ అర్జీ పెట్టాలి. రాయడానికి నేను రెడీ.

రూమ్మేట్‌కి సారీ చెప్పాను. ఇప్పుడు నా ఐరన్ మాత్ర సాయంత్రం దాకా తన దగ్గరే దాచుతోంది. మీ రూములో ఇలా మారిపోయిన పిల్ల ఎవరైనా ఉంటే ముందు పరీక్షకి తీసుకెళ్లండి. పొగరో, గాలో, చిల్లంగో పేరు పెట్టడం తర్వాత చూద్దాం.

జై ఆదివాసీ.