పిడికెడు బియ్యం – ఇంటిల్లిపాది పని



అన్నం విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మెస్ గంట కోసం పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడినవాళ్లం. వారాలు చేసుకొని చదువుకున్న పెద్దల కథలు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ ఇళ్ల గడపలు మన తాతలకు తెరుచుకోలేదు. అందుకే హాస్టల్ అన్నం మనకు భిక్ష కాదు, హక్కు. మనం ఒకరికి పెట్టేటప్పుడు కూడా ఈ మాట గుర్తుండాలి. మేము ఒకసారి మరచిపోయాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు మూతపడ్డాయి. హాస్టల్‌లో చదివి పట్నంలో పనిచేస్తున్న మా అన్నదమ్ములిద్దరం, అప్పటికి హాస్టల్‌లోనే ఉన్న చెల్లె ఇంటికి చేరాం. వాడలో కూలి పనులు ఆగిపోయాయి. ఇంటిల్లిపాది కూర్చొని ఆలోచించి, ముఖాలకు గుడ్డలు కట్టుకొని ఇల్లిల్లూ తిరిగాం. మూడు రోజుల్లో రెండు బస్తాల బియ్యం పోగయ్యాయి. పది ఇళ్ల పేర్లు రాసుకొని, వాళ్లను వేపచెట్టు కిందికి పిలిచి, సంచులిచ్చి ఫొటోలు తీశాం. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ రాలేదు. అమ్మ సంచి తీసుకొని వెళ్తే, "నేను మీకు పెద్దమ్మనే గదా బిడ్డా, చెట్టుకింద నిలబెట్టి ఇస్తరా?" అని తలుపు దగ్గరకు వేసింది.

ఆ రాత్రి చెల్లె ఒక మాట అంది. "హాస్టల్‌లో ఎవరిదో పుట్టినరోజని రొట్టె, అరటిపండు చేతిలో పెట్టి, ఫొటో అయ్యేదాకా తినవద్దనేవాళ్లు. మనమూ అదే చేశాం." ఫొటోలన్నీ తీసేశాం.

ఇంకో తప్పు కూడా తెలిసింది. ఏం కావాలో మేము ఎవరినీ అడగలేదు. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డుల మీద మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. కార్డున్న ఇంట్లో బియ్యం ఉన్నాయి. లేనివి పప్పు, నూనె, కారం, సబ్బులు. ఊరి బయట ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్ల కార్డులు వాళ్ల ఊళ్లలో ఉన్నాయి. వలస కూలీలకూ 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు గానీ, అవి చేతికందేదాకా పొయ్యి వెలగాలి కదా!

రెండోసారి పని పంచుకున్నాం. అమ్మ ముందుగా ఇల్లిల్లూ అడిగి వచ్చింది. నాయనమ్మ అన్నం వండేముందు ఒక పిడికెడు గురిగిలో వేయడం మొదలుపెట్టింది. నాయన కిరాణా సరుకులు తెచ్చాడు. చెల్లె మెస్ కమిటీలో నేర్చుకున్నట్టే వచ్చినవీ పోయినవీ తూకం వేసి నోటుబుక్కులో రాసింది. లెక్క అందరికీ చూపించాం, తీసుకున్నవారి పేర్లు మాత్రం ఎవరికీ చెప్పలేదు. చీకటి పడ్డాక మా ఇద్దరిలో ఒకరం సంచి ఇంటికే ఇచ్చి వచ్చేవాళ్లం. పెద్దమ్మను పిలిచి పప్పులో రాళ్లు ఏరిపెట్టమన్నాం. వచ్చి కూర్చుంది. వెళ్లేటప్పుడు తన సంచి తానే తీసుకెళ్లింది.

"ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, మనకెందుకు?" అనే మిత్రులున్నారు. వారి మాటలో న్యాయముంది. 2013 ఆహార భద్రతా చట్టం అర్హులైన కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు హక్కుగా ఇచ్చింది. కాబట్టి కార్డు లేని ఇంటికి సంచి ఇచ్చి ఊరుకుంటే సగం పనే చేసినట్టు. కార్డు కోసం దరఖాస్తు రాసిపెట్టడం మిగతా సగం. చదువుకున్న మన చేతులు ఉన్నది అందుకే. కానీ ఆ కార్డు వచ్చేదాకా ఆకలి ఆగదు.

ఈ పని ఒక్కరు చేస్తే దానం అవుతుంది, పేరు వస్తుంది. ఇంటిల్లిపాది చేస్తే ఇరుగుపొరుగు బంధం అవుతుంది. ఇంట్లో పిల్లలు పెట్టడంతోపాటు అడగడం కూడా నేర్చుకుంటారు. పదిమంది కోసం చేయి చాచడంలో సిగ్గులేదని తెలుసుకుంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలతో ఈ మాట మాట్లాడండి. ముందు అడగండి, తర్వాత పోగుచేయండి, లెక్క రాయండి. ఫొటో మాత్రం తీయకండి. చేతిలో రొట్టెతో నిలబడినవాళ్లం, ఆ బాధ మనకు తెలుసు.