వడదెబ్బ చావు లెక్కకెక్కాలి

2003 ఎండలకు ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో మృతులు రెండు వేలు దాటారు. తెలంగాణలో నల్లగొండకు పెద్ద దెబ్బ తగిలింది. పోయినవాళ్లలో ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలే.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. మంచిదే. కానీ మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చేనులో కూలిపోయిన మనిషికి పొద్దుగూకేలోపే అంత్యక్రియలు అయిపోతాయి. పోస్టుమార్టం లేకుంటే కాగితం ఉండదు, కాగితం లేకుంటే పరిహారం రాదు.

వడదెబ్బతో ఎవరు పోయినా వెంటనే తహసీల్దారుకు, పోలీసులకు తెలపాలని సభ్యులను కోరుతున్నాం. మండల కేంద్రంలోనే పోస్టుమార్టం జరిపించాలని, కూలి కోయకుండా మధ్యాహ్నం పనులు ఆపాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం.